కృష్ణ పదార్థం నమూనా మారితే గెలాక్సీల్లోని నక్షత్రాల వయసులు కూడా మారతాయా?

ప్రశ్న

గెలాక్సీల పుట్టుక గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఒక విషయం దగ్గర ఎంత ఆలోచించినా ముడి వీడడం లేదు కనుక, తెలిసినవారు వివరిస్తారన్న నమ్మకంతో ఇక్కడ అడుగుతున్నాను. నక్షత్రం వయసును దాని ద్రవ్యరాశి, దానిలోని మూలకాల పాళ్లు, దాని గర్భంలో జరిగే హైడ్రోజన్ సంలీనం ఆధారంగా లెక్కిస్తారు. కాంతినివ్వకుండా, గురుత్వాకర్షణ ద్వారా మాత్రమే ఉనికి తెలిపే కృష్ణ పదార్థానికి ఆ లెక్కలో ఎక్కడా చోటు లేదు. అయినా, కృష్ణ పదార్థపు కణాలు చల్లనివా, వెచ్చనివా అన్నది తేల్చడానికి మరుగుజ్జు గెలాక్సీల్లోని నక్షత్రాల వయసులను సాక్ష్యంగా తీసుకుంటున్నారని అనేక వ్యాసాలలో కనిపిస్తోంది. ఈ రెంటికీ లంకె ఎక్కడ కుదిరింది?

దీనికి అనుబంధంగా మరో సందేహం ఉంది. చల్లని కృష్ణ పదార్థం నమూనా ప్రకారం చిన్న నిర్మాణాలు ముందు ఏర్పడి, అవి కలిసిపోతూ పెద్దవి తరువాత ఏర్పడాలి. అలాంటప్పుడు భారీ దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లోని నక్షత్రాలు ముసలివిగా ఉండడం, ఎన్నో చిన్న గెలాక్సీల్లో నేటికీ కొత్త నక్షత్రాలు పుడుతూ ఉండడం ఆ నమూనాకు ఎదురుదెబ్బ కాదా? సమీకరణాలు లేకపోయినా ఫరవాలేదు గానీ, భౌతికశాస్త్రం పలచబడకుండా చెబితే సంతోషిస్తాను.

మొదటి జవాబు

ఒకసారి వెలిగిన నక్షత్రం లోపలి గడియారాన్ని కృష్ణ పదార్థం ముట్టుకోదన్న మీ మాట నిజమే. ఆ నక్షత్రం పుట్టడానికి కావలసిన వాయువు విశ్వ చరిత్రలో ఏ ఘట్టంలో, ఎంత పరిమాణంలో ఒకచోట పోగుపడింది అన్నదాన్ని మాత్రం అదే నిర్ణయిస్తుంది. గెలాక్సీలోని నక్షత్రాల వయసుల పట్టికను ఆ పోగుపడడానికి సంబంధించిన దస్తావేజుగా చదవవచ్చు కనుకనే పరిశోధకులు దానివైపు చూస్తున్నారు.

మూలం నుంచి చెబుతాను. విశ్వంలోని మొత్తం శక్తి, ద్రవ్యరాశులలో సాధారణ పదార్థం వాటా 5 శాతం, కృష్ణ పదార్థం వాటా 27 శాతం వరకు ఉంటాయి. మహావిస్ఫోటం తరువాత దాదాపు 3,80,000 సంవత్సరాల వరకు సాధారణ పదార్థం కాంతితో గట్టిగా ముడిపడి ఉండేది. ఎక్కడైనా కాస్త దట్టమైనా, కాంతి పీడనం దాన్ని వెనక్కి నెట్టేసేది. కాంతితో ఏ సంబంధమూ లేని కృష్ణ పదార్థానికి ఈ అడ్డంకి లేదు కాబట్టి అది ఆ కాలమంతా సొంత గురుత్వాకర్షణతో నెమ్మదిగా చిక్కబడుతూ వచ్చింది. కాంతి విడిపోయాక వాయువు అప్పటికే సిద్ధంగా ఉన్న ఆ గుంతలలోకి జారింది. ఆనాడు విడిపోయి నేటికీ మనకు చేరుతున్న కాంతిలో, అంటే నేపథ్య వికిరణంలో కనిపించే హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు మాత్రమే. సాధారణ పదార్థం ఒక్కటే అంత చిన్న హెచ్చుతగ్గులతో మొదలై ఉంటే, నేటి గెలాక్సీలు ఏర్పడడానికి 1380 కోట్ల సంవత్సరాలు చాలేవి కావు.

నమూనాల మధ్య తేడా ఇక్కడే మొదలవుతుంది. ఆదిలో కణాలు ఎంత వేగంగా కదిలేవన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే వేగంగా కదిలే కణాలు తమ ప్రయాణ దూరం కంటే చిన్నవైన హెచ్చుతగ్గులన్నింటినీ తుడిచివేస్తాయి. ఒకప్పుడు కృష్ణ పదార్థం అంటే న్యూట్రినోలే కావచ్చునని భావించారు. కాంతి వేగానికి చేరువలో పరుగెత్తే ఆ "వేడి" కణాలు గెలాక్సీ పరిమాణంలోని బీజాలను సైతం చెరిపేసి, మొదట బ్రహ్మాండమైన సమూహాలను ఏర్పరచి, అవి ముక్కలై గెలాక్సీలు పుట్టేలా చేస్తాయి. ఆ క్రమంలో గెలాక్సీలు చాలా ఆలస్యంగా పుట్టాలి. సైమన్ వైట్, కార్లోస్ ఫ్రెంక్, మార్క్ డేవిస్ 1983లో చేసిన కంప్యూటర్ అనుకరణలు ఆ చిత్రం మనం చూసే గెలాక్సీల అమరికకు పొసగదని చూపడంతో ఆ ఆలోచన పక్కకు తప్పుకుంది. నక్షత్రాల వయసుల వాదన కూడా అక్కడ దానికి ప్రతికూలంగానే పనిచేసింది, ఎందుకంటే అంత పాత నక్షత్రాలున్న గెలాక్సీలు అంత ఆలస్యంగా పుట్టి ఉండలేవు.

నెమ్మదైన, అంటే "చల్లని" కణాలైతే చిన్న బీజాలన్నీ మిగులుతాయి. కొన్ని లక్షల సూర్యుల బరువున్న కృష్ణ పదార్థపు ముద్దలు మహావిస్ఫోటం తరువాత 10 నుంచి 20 కోట్ల సంవత్సరాలలోనే కుదురుకుంటాయి, వాటిలో హైడ్రోజన్ అణువుల సాయంతో వాయువు చల్లబడి తొలి నక్షత్రాలు వెలుగుతాయి. మధ్యస్థంగా, కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది కణాల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం) ద్రవ్యరాశి గల "వెచ్చని" కణాలను ఊహిస్తే పెద్ద గెలాక్సీలలో దాదాపు తేడా ఏమీ కనబడదు. కణం ద్రవ్యరాశి 3 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు అనుకుంటే, కొన్ని పదుల కోట్ల సూర్యుల బరువుకు దిగువన ఉండవలసిన ముద్దలు బాగా తగ్గిపోతాయి. ఆ సరిహద్దుకు కాస్త ఎగువనున్నవి ఏర్పడినా ఆలస్యంగా కుదురుకుంటాయి. వాటిలోని తొలి నక్షత్రాలు వంద కోట్ల సంవత్సరాల మేరకు ఆలస్యంగా వెలగడం కొన్ని అనుకరణలలో కనిపించింది. మీరు చదివిన వ్యాసాలు మరుగుజ్జు గెలాక్సీల దగ్గరే ఎందుకు ఆగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. పాలపుంత వంటి పెద్ద గెలాక్సీలో ఈ తేడా మరుగున పడిపోతుంది.

రెండో జవాబు

మీ రెండో సందేహాన్ని మాత్రమే తీసుకుంటాను. నక్షత్రాలు పుట్టిన కాలం వేరు, ఆ నక్షత్రాలన్నీ ఒకే గెలాక్సీగా కూడిన కాలం వేరు. చల్లని కృష్ణ పదార్థం నమూనా "చిన్నవి ముందు, పెద్దవి తరువాత" అని చెప్పేది కృష్ణ పదార్థపు ముద్దల కూడిక గురించి. నక్షత్రాల పుట్టుకకు ఆ క్రమమే వర్తించాలన్న నియమమేదీ లేదు.

మిలీనియం అనే భారీ కంప్యూటర్ అనుకరణను ఆధారం చేసుకొని గాబ్రియెల్లా డి లూచియా, జెరెమీ బ్లేజో 2007లో ప్రచురించిన పని ఈ విషయాన్ని చాలా స్పష్టంగా చూపుతుంది. గెలాక్సీ సమూహాల నడుమ ఉండే అతి భారీ గెలాక్సీలలోని నక్షత్రాలలో సగం, విశ్వానికి సుమారు 120 కోట్ల సంవత్సరాల వయసు వచ్చేసరికే, విడివిడిగా ఉన్న అనేక చిన్న గెలాక్సీలలో పుట్టేశాయి. అయితే ఆ భారీ గెలాక్సీ తుది ద్రవ్యరాశిలో సగం ఒకే గూటికి చేరింది మాత్రం గడచిన 500 కోట్ల సంవత్సరాల లోపే. కనుక దాని నక్షత్రాలు ముసలివి, గెలాక్సీగా అది మాత్రం పడుచుది. వర్ణపటంలో మనం చదివేది మొదటి వయసునే.

అంత త్వరగా ఎందుకు పుట్టాయన్నదానికి కారణం పరిసరాలలో ఉంది. భవిష్యత్తులో గెలాక్సీ సమూహం కాబోయే ప్రాంతం ఆదినుంచీ సగటు కంటే దట్టంగా ఉంటుంది కాబట్టి అక్కడి చిన్న ముద్దలు సైతం మిగతాచోట్ల కంటే ముందుగా కుదురుకుంటాయి. ఆ తరువాత ఎందుకు ఆగిపోయాయన్న దానికి కారణం వాయువు. ముద్ద ద్రవ్యరాశి సుమారు లక్ష కోట్ల సూర్యులను దాటాక, లోపలికి పడే వాయువు అభిఘాత తరంగాలతో లక్షల డిగ్రీలకు వేడెక్కి త్వరగా చల్లబడలేదు. కేంద్రంలోని భారీ కృష్ణబిలం వెదజల్లే శక్తి దాన్ని ఇంకా చల్లబడనివ్వదు. చిన్న గెలాక్సీలలో వాయువు నెమ్మదిగా, అంచెలంచెలుగా ఖర్చవుతుంది కాబట్టి వాటిలో ఇప్పటికీ నక్షత్రాలు పుట్టగలుగుతున్నాయి. అందుచేత దీన్ని కృష్ణ పదార్థం నమూనాకు ఎదురుదెబ్బగా భావించనక్కరలేదు. 1990ల చివరిలో కొందరు అలాగే భావించిన మాట నిజమే గానీ, ఆ వాదన ఇప్పుడు పెద్దగా వినిపించదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పుట్టిన కాలానికీ కూడిన కాలానికీ మధ్య తేడా ఇప్పుడు బోధపడింది. మొదటి జవాబు చదివాక ఇంకొకటి అడగాలనిపించింది. వెచ్చని నమూనాలో నక్షత్రాలు వంద కోట్ల సంవత్సరాలు ఆలస్యమైతే, మన చుట్టూ ఉన్న అతి చిన్న గెలాక్సీల నక్షత్రాల వయసులు కొలిచి ఈ వివాదాన్ని నేరుగా తేల్చివేయవచ్చు కదా? అలాగే జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు అంత తొలినాళ్లలోనే ప్రకాశవంతమైన గెలాక్సీలు కనబడ్డాయంటే వెచ్చని నమూనా కొట్టుకుపోయినట్టేనా?

మూడో జవాబు

రెండు ప్రశ్నలకూ నా జవాబు "అంత సులువు కాదు" అనే. కారణాలు మాత్రం వేరువేరు.

పాలపుంత చుట్టూ తిరిగే అతి మంద్ర గెలాక్సీలను తీసుకోండి. మొత్తం గెలాక్సీ కాంతి లక్ష సూర్యుల కాంతిని మించనివి ఇవి. హబుల్ టెలిస్కోపుతో వీటిలో ఆరింటిని పరిశీలించిన బృందం 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆరింటిలోనూ 80 శాతం నక్షత్రాలు 1280 కోట్ల సంవత్సరాల క్రితానికే పుట్టేశాయన్న అంచనాకు కొలతలు సరిపోతున్నాయి. గర్భంలోని హైడ్రోజన్ అయిపోయి నక్షత్రం ప్రధాన శ్రేణి (హైడ్రోజన్ సంలీనంతో వెలిగే దశ) నుంచి మలుపు తిరిగే చోటును గుర్తించి, దాన్ని ఎం92 అనే అతి పాత గోళాకార తారాగుచ్ఛంతో పోల్చి వారు ఈ వయసులను రాబట్టారు. ఒక గెలాక్సీకీ మరొక దానికీ మధ్య ఉన్న వయసు తేడాను ఈ పద్ధతి బాగానే పట్టుకుంటుంది. నిరపేక్షమైన వయసు విషయానికి వస్తే, దూరం, ఆక్సిజన్ వంటి మూలకాల పాళ్లు, నక్షత్ర నమూనాలలోని అనిశ్చితి అన్నీ కలిసి వంద కోట్ల సంవత్సరాల స్థాయి పొరపాటును తెచ్చిపెడతాయి. మీరు పట్టుకోవాలనుకుంటున్న ఆలస్యం కూడా సరిగ్గా ఆ స్థాయిదే. పూర్వం 1450 కోట్ల సంవత్సరాలకు దగ్గరగా లెక్కగట్టిన హెచ్‌డీ 140283 అనే సమీప నక్షత్రం వయసును 2021లో మరో విశ్లేషణ 1200 కోట్లకు దించింది. దగ్గరలో ఉండి, దూరం చక్కగా తెలిసిన ఒక్క నక్షత్రం సంగతే అలా ఉంటే, లక్షల కాంతి సంవత్సరాల అవతల ఉన్నవాటి సంగతి ఊహించవచ్చు.

అయితే ఈ గెలాక్సీల సాక్ష్యం వేరే దారిలో చాలా బలంగా పనిచేస్తుంది, నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికి ముఖ్యమైన విషయం అదే. మహావిస్ఫోటం తరువాత వంద కోట్ల సంవత్సరాలు తిరిగేలోగా తొలి నక్షత్రాల అతినీలలోహిత కాంతి గెలాక్సీల నడుమ ఉన్న హైడ్రోజన్‌ను మళ్లీ అయనీకరించి (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి), పదివేల డిగ్రీల పైకి వేడెక్కించింది. అలా వేడెక్కిన వాయువును పట్టి ఉంచేంత గురుత్వాకర్షణ చిన్న ముద్దలకు లేదు. అంటే ఆ గడువు లోపల నక్షత్రాలను పుట్టించుకోలేకపోయిన చిన్న ముద్ద ఆ తరువాత ఇక ఎప్పటికీ చీకటిగానే మిగిలిపోతుంది. వెచ్చని నమూనాలో ముద్దల కుదురుబాటు ఆ గడువు దాటేదాకా జరిగితే, మనకు కొంచెం తక్కువ వయసు నక్షత్రాలు కనిపించడం కాకుండా, అసలు గెలాక్సీయే కనిపించకుండా పోతుంది. అందుకే వయసులను కొలవడం కంటే గెలాక్సీలను లెక్కపెట్టడం గట్టి పరీక్ష అవుతుంది. డార్క్ ఎనర్జీ సర్వే, పాన్‌స్టార్స్ అనే ఆకాశ సర్వేలలో దొరికిన పాలపుంత ఉపగ్రహ గెలాక్సీల సంఖ్యను బట్టి 2021లో వేసిన లెక్క, ఆది విశ్వంలో సాధారణ ఉష్ణ సమతౌల్యం నుంచి పుట్టిన వెచ్చని కణమైతే దాని ద్రవ్యరాశి 6.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు తగ్గరాదని తేల్చింది. సుదూర క్వేజార్ల (భారీ కృష్ణబిలాల వల్ల అతి ప్రకాశవంతంగా వెలిగే గెలాక్సీ కేంద్రాల) కాంతిలో హైడ్రోజన్ మేఘాలు వేసే శోషణ రేఖల నుంచి వచ్చిన పరిమితులు కూడా ఇంచుమించు అదే దిశలో ఉన్నాయి.

జేమ్స్ వెబ్ విషయంలో ఒక తొందరపాటు తరచుగా కనిపిస్తుంది. 2024లో ప్రకటించిన జేడ్స్-జీఎస్-జడ్14-0 అనే గెలాక్సీని మహావిస్ఫోటం తరువాత దాదాపు 29 కోట్ల సంవత్సరాల నాటిదిగా చూస్తున్నాం. దానిలో ఆక్సిజన్ కూడా దొరికింది కనుక అప్పటికే ఒక తరం భారీ నక్షత్రాలు పుట్టి గిట్టాయన్నమాట. ఇది ఆశ్చర్యకరమే. కానీ అంత ప్రకాశవంతమైన గెలాక్సీ ఆ కాలానికి భారీ అనదగ్గ ముద్దలో ఉంటుంది, కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వెచ్చని కణాలు అంతటి ముద్దలను పెద్దగా ఆలస్యం చేయవు. వెచ్చని నమూనాను ఇబ్బంది పెట్టేవి ఆ కాలపు మసక గెలాక్సీలు. దారిలోని గెలాక్సీ సమూహాలు గురుత్వ కటకాలుగా పనిచేసి పెద్దవి చేసి చూపితే తప్ప అవి కంటబడవు. ప్రకాశవంతమైనవి అనుకున్నదానికంటే ఎక్కువ సంఖ్యలో ఉండడానికి నక్షత్రాలు విడతలు విడతలుగా ఉధృతంగా పుట్టడం, ధూళి తక్కువగా ఉండడం, భారీ నక్షత్రాల పాలు ఎక్కువగా ఉండడం వంటి వాయు సంబంధ కారణాలు చాలా ఉన్నాయి, వాటిని దాటి కృష్ణ పదార్థం మీదికి వెళ్లవలసిన అవసరం నాకైతే ఇంకా కనబడలేదు.

నాలుగో జవాబు

పై జవాబులన్నీ ప్రభావం ఒకే దిశలో, అంటే కృష్ణ పదార్థం నుంచి నక్షత్రాలకు మాత్రమే సాగుతుందన్నట్టుగా ఉన్నాయి. ఎదురు దిశలోనూ సాగుతుంది. అది పరిగణించకపోతే నమూనాల పోలిక తప్పుదారి పడుతుంది.

చల్లని కృష్ణ పదార్థంతో మాత్రమే చేసిన అనుకరణలలో ప్రతి ముద్ద సాంద్రత కేంద్రం వైపు వెళ్లేకొద్దీ నిటారుగా పెరుగుతుంది. నవారో, ఫ్రెంక్, వైట్ 1990లలో ఇచ్చిన ప్రసిద్ధ సూత్రం దీన్నే వర్ణిస్తుంది. అనేక మరుగుజ్జు గెలాక్సీల భ్రమణాన్ని కొలిచినప్పుడు మాత్రం కేంద్రం చదునుగా ఉన్నట్టు తోచింది. తమలో తాము ఢీకొనే కృష్ణ పదార్థపు కణాలను డేవిడ్ స్పెర్గెల్, పాల్ స్టైన్‌హార్ట్ 2000లో ప్రతిపాదించడానికి ప్రేరణలలో ఇదొకటి. అలాంటి కణాలు కేంద్రంలో పరస్పరం తాకుతూ శక్తిని పంచుకుని, కొసను చదును చేస్తాయి. అయితే నక్షత్రాలు కూడా ఆ పని చేయగలవు. సూపర్నోవాల (నక్షత్రాల పేలుళ్ల) ధాటికి కేంద్రంలోని వాయువు హఠాత్తుగా బయటికి తన్నుకుపోయి, మళ్లీ నెమ్మదిగా లోపలికి చేరి, మళ్లీ తన్నుకుపోతూ ఉంటే, ఆ గురుత్వ క్షేత్రం పడిలేచినప్పుడల్లా కృష్ణ పదార్థపు కణాలు కొంత శక్తిని పుంజుకుని కక్ష్యలు విస్తరించుకుంటాయి. వాయువు తిరిగి వచ్చినా ఆ కక్ష్యలు తిరిగి కుంచించుకోవు.

ఇప్పుడు నక్షత్రాల వయసులు నిజంగా ఉపయోగపడతాయి. చదును చేసింది సూపర్నోవాలే అయితే, ఎక్కువ కాలం నక్షత్రాలను పుట్టించిన గెలాక్సీ కేంద్రం చదునుగానూ, పుట్టుక తొందరగా ఆగిపోయిన గెలాక్సీ కేంద్రం నిటారుగానూ ఉండాలి. కణాల తాకిడే కారణమైతే నక్షత్రాల చరిత్రతో దానికి పని లేదు. జస్టిన్ రీడ్, మ్యాథ్యూ వాకర్, పాస్కల్ స్టెగర్ 2019లో పదహారు మరుగుజ్జు గెలాక్సీలను ఇలాగే పోల్చి చూశారు. డ్రేకో గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక ఏనాడో ఆగిపోయింది, దాని నడిబొడ్డున, కేంద్రం నుంచి సుమారు 500 కాంతి సంవత్సరాల దగ్గర కృష్ణ పదార్థం బాగా దట్టంగా ఉంది. ఫోర్నాక్స్ గెలాక్సీలో ఇటీవలి కాలం వరకు నక్షత్రాలు పుడుతూనే వచ్చాయి, దాని నడిబొడ్డు డ్రేకోతో పోలిస్తే మూడో వంతు సాంద్రతతో పలచగా ఉంది. సూపర్నోవాల వివరణ అడిగినదీ ఇదే.

దీనితో తాకిడి కణాల కథ ముగిసిందని తీర్మానించకూడదు. ఆ నమూనాలో చదునైన కేంద్రం చాలా కాలానికి వేడిని బయటికి కోల్పోయి తిరిగి కుప్పకూలి దట్టమవుతుంది. పాలపుంత ఆకర్షణకు బయటి పొరలు ఊడిపోయిన ఉపగ్రహ గెలాక్సీలలో ఆ కుప్పకూలడం ఇంకా వేగంగా జరుగుతుంది. డ్రేకో పాలపుంతకు బాగా దగ్గరగా వచ్చిపోయే కక్ష్యలో ఉంది. అంత దగ్గరగా రావడం వల్లనే దాని వాయువు ఊడిపోయి నక్షత్రాల పుట్టుక ఆగి ఉండవచ్చు కూడా. అంటే పుట్టుక ఆగిన కాలం, కేంద్రపు సాంద్రత రెండూ ఒకే కక్ష్య వల్ల వచ్చి ఉండే అవకాశం మిగిలే ఉంది. ఈ చిక్కు విడాలంటే ఏ పెద్ద గెలాక్సీకీ దగ్గరగా లేని, ఒంటరిగా తిరిగే మరుగుజ్జు గెలాక్సీలలో ఇదే పోలిక నిలుస్తుందో లేదో చూడాలి.

ఐదో జవాబు

ఇంతవరకు ప్రస్తావనకు రాని నమూనా ఒకటి ఉంది కనుక క్లుప్తంగా చెబుతాను. కృష్ణ పదార్థపు కణం ద్రవ్యరాశి 10⁻²² ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో ఉంటే, దాని తరంగ స్వభావం వేల కాంతి సంవత్సరాల పరిమాణంలో బయటపడుతుంది. ఇది కూడా చిన్న ముద్దలను ఏర్పడనివ్వదు కాబట్టి నక్షత్రాల పుట్టుకను ఆలస్యం చేయడంలో వెచ్చని నమూనాకు దగ్గరి బంధువే. అదనంగా దీనిలో ఒక విచిత్రం ఉంది. తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి విడిపోతూ ఉండడం వల్ల గెలాక్సీ లోపల సాంద్రత నిరంతరం అల్లకల్లోలంగా ఉంటుంది, ఆ కుదుపులకు నక్షత్రాలు కొద్దికొద్దిగా వేగం పుంజుకుని గెలాక్సీ ఉబ్బిపోవాలి.

నక్షత్రాల వయసు ఇక్కడ అవి ఆ కుదుపులకు ఎంతకాలంగా లోనవుతున్నాయో చెప్పే కొలత అవుతుంది. సెగ్యూ 1, సెగ్యూ 2 అనే అతి మంద్ర గెలాక్సీలు సుమారు వంద కాంతి సంవత్సరాల వ్యాసార్ధంలో ఒదిగి ఉన్నాయి, వాటి నక్షత్రాలు వెయ్యి కోట్ల సంవత్సరాలకు పైబడినవి. అంతకాలం కుదుపులు తిని కూడా అవి అంత చిన్నవిగా, అంత నెమ్మదిగా ఉన్నాయంటే కుదుపులు చాలా స్వల్పంగా ఉండి తీరాలి. నీల్ దలాల్, ఆండ్రే క్రావ్‌ట్సోవ్ 2022లో ఈ తర్కంతోనే కణం ద్రవ్యరాశి 3×10⁻¹⁹ ఎలక్ట్రాన్ వోల్టులకు తగ్గరాదని చూపారు. మూడో జవాబులో చెప్పిన వంద కోట్ల సంవత్సరాల పొరపాటు ఈ లెక్కను పెద్దగా కదిలించదు. వెయ్యి కోట్లకు బదులు తొమ్మిది వందల కోట్లు అనుకున్నా పరిమితి దాదాపు అక్కడే ఉంటుంది. చిలీలోని వేరా రూబిన్ వేధశాల సర్వేలో ఇలాంటి గెలాక్సీలు మరిన్ని బయటపడతాయని అంచనా. వాటి నక్షత్రాల వేగాలను విడివిడిగా కొలవగలిగితే ఈ లెక్క రెండే గెలాక్సీల మీద ఆధారపడవలసిన అవసరం తీరుతుంది.